మేడ మీది పాలీహౌస్‌లో పూత నిలవాలంటే ముందు వేడి గాలికి దారివ్వాలి

ప్రశ్న: మాది కరీంనగర్. టీచర్‌గా రిటైరయ్యాక మేడ మీద 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తులో చిన్న పాలీహౌస్, అంటే ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్ కట్టించుకున్నాను. 200 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు వేశారు. ఒక తలుపు, అటూ ఇటూ నెట్ బిగించిన రెండు చిన్న కిటికీలు ఉన్నాయి. గ్రో బ్యాగుల్లో టమాటా, క్యాప్సికం, కీరా పెట్టాను. డిసెంబర్, జనవరిలో బాగా కాశాయి. ఫిబ్రవరి చివరి నుంచి పూతంతా రాలిపోతోంది. మధ్యాహ్నం లోపల థర్మామీటర్ 48 డిగ్రీలు చూపిస్తోంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించమని ఒకరు, ఫాగర్లు (నీటిని పొగమంచులా చిమ్మే నాజిళ్లు) పెట్టమని ఒకరు, హార్మోన్ మందు కొట్టమని ఇంకొకరు అంటున్నారు. ఏది చేయాలి?

జవాబు: మాస్టారూ, ఆ మూడూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ముందు మీ పాలీహౌస్ కప్పు తెరవాలి, పక్క గోడల ప్లాస్టిక్ చుట్టి పైకి కట్టాలి. దీనికి ఫ్యాన్ కన్నా తక్కువే ఖర్చవుతుంది.

గ్రీన్‌హౌస్ పుట్టింది చలి దేశాల్లో. అక్కడ వేడిని లోపల నిలబెట్టుకోవడానికే దాన్ని కడతారు. మనకు ఏడాదిలో పది నెలలు వేడిని బయటికి పంపడమే పని. వానకు తడవకుండా, తెల్లదోమ లాంటి పురుగులు తేలిగ్గా చొరబడకుండా ఉండటమే మనకు పాలీహౌస్‌తో వచ్చే లాభం. మీకు కట్టినవారు చలిదేశపు నమూనాను అలాగే దించేశారు. మీ కిటికీలు ఒక్కోటి ఆరు చదరపు అడుగులు అనుకున్నా, రెండూ కలిపి 12. నేల 200 చదరపు అడుగులు. అంటే గాలి ఆడే చోటు నేలలో ఆరు శాతమే. దాని మీద 40 మెష్ నెట్ (అంగుళానికి 40 కంతలుండేది) ఉంటే గాలి అందులో సగం కూడా సాఫీగా రాదు.

ఇంత చిన్న హౌస్‌కు కప్పు మీద 30 నుంచి 40 చదరపు అడుగుల తెరుపు కావాలి. పక్కల్లో అంతకు రెండింతలు, మూడింతలున్నా మంచిదే. పని ఎలా చేయించాలంటే, నిలువు గోడలకు కింద ఒక అడుగు ప్లాస్టిక్ వదిలి, దానిపైన మూడడుగుల మేర రెండు పొడవు పక్కలా ప్లాస్టిక్ తీసేసి నెట్ బిగించండి. దాని మీదికి చుట్టి దించుకునే కర్టెన్ పెట్టించండి. నెట్ అంచును పట్టి ఉంచే అల్యూమినియం ప్రొఫైల్ (గాడి పట్టీ), అందులో నొక్కే జిగ్‌జాగ్ స్ప్రింగ్ ఉంటే మీరే బిగించుకోవచ్చు. కప్పు నడిమి వాసం వెంట ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటిన్నర, రెండడుగుల వెడల్పున కోసి నెట్ వేయండి. వాన పడకుండా దానిపైన అడుగు ఎత్తులో చిన్న ప్లాస్టిక్ చూరు నిలపండి. పాత పెంకుటిళ్లలో వంటింటి మీద పొగగూడు వదిలేవారు కదా, ఇదీ అదే పని చేస్తుంది. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, ఆ ఖాళీలోకి పక్క నెట్ల నుంచి చల్లగాలి వస్తుంది. కింది తెరుపుకీ పై తెరుపుకీ మధ్య ఎత్తు ఎంత ఎక్కువుంటే లాగుడు అంత బాగుంటుంది. ఎనిమిదడుగులు తక్కువే. మళ్లీ కట్టించే రోజు వస్తే నడిమి వాసం పన్నెండడుగులకు లేపించండి. పై తెరుపు ఒక పక్కకే పెట్టేట్టయితే, గాలి ఎక్కువగా వీచే దిక్కుకు ఎదురుగా కాకుండా దాని వెనక్కి తిప్పి పెట్టాలి. మేడ మీద గాలి వేగం ఎక్కువ. ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలిదుమారం లేస్తే ఆ చూరు ఎగిరిపోకుండా గట్టిగా కట్టుకునే ఏర్పాటు కూడా ఉండాలి.

తెరిచాక గాలి ఆడుతోందో లేదో తేల్చుకోవడం తేలిక. ఎండ బాగా ఉన్నప్పుడు అగరుబత్తి వెలిగించి పక్క నెట్‌కు జానెడు దూరంలో పట్టుకోండి. పొగ లోపలికి వంగి, మొక్కల మీదుగా పైకి పోతే సరే. నిలువుగా లేచి అక్కడక్కడే తిరుగుతుంటే నెట్ దుమ్ముతో మూసుకుపోయిందని అర్థం. వేలితో రుద్దితే మట్టి అంటుతుంది. నెలకోసారి బయటి నుంచి నీళ్ల పైపుతో కడిగితే చాలు. చాలామంది ఏళ్లతరబడి ముట్టుకోరు.

థర్మామీటర్ ఎక్కడ వేలాడదీశారో మీరు రాయలేదు. దాని మీద నేరుగా ఎండ పడితే అది చూపేది గాలి వేడి కాదు. మొక్కల పూత ఎత్తులో, తెల్లటి ప్లాస్టిక్ డబ్బాకు చుట్టూ పెద్ద కంతలు చేసి, దాని నీడలో పెట్టండి. రోజులో గరిష్ఠం, కనిష్ఠం, తేమ మూడూ గుర్తుపెట్టుకునే డిజిటల్ మీటరైతే మంచిది. నిజానికి పూతకు రాత్రి వేడి కూడా పగటి వేడి అంత ముఖ్యం. టమాటాకు పగలు 32 డిగ్రీలు దాటి, రాత్రి 22, 23 కన్నా తగ్గకుండా ఉంటే పుప్పొడి సరిగా తయారవదు. ఉన్నదీ మొలకెత్తదు, పువ్వు కాడ దగ్గర పసుపెక్కి రాలిపోతుంది. క్యాప్సికం ఇంకా సుకుమారం, దానికి రాత్రి 20 లోపు ఉంటేనే కాయ బాగా నిలుస్తుంది. మీ స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రి పది దాకా సెగ వదులుతుంది. అందుకే నేలపై పాలీహౌస్ కన్నా మేడ మీది దానికి కష్టం ఎక్కువ. హౌస్ లోపలా, చుట్టూ నాలుగడుగుల మేరా స్లాబుకు తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేయండి. బ్యాగులను ఇటుకల మీదో స్టాండ్ల మీదో లేపి పెట్టండి. బ్యాగులు నల్లవైతే తెల్ల గుడ్డ చుట్టి, మట్టి పైన ఎండుటాకులో కొబ్బరి పొట్టో రెండంగుళాలు కప్పండి.

డ్రిప్ పెట్టి ఉంటే ఒక సంగతి చూడండి. మధ్యాహ్నం రెండింటికి వాల్వు తిప్పి, మొదట వచ్చే నీళ్లు చేతి మీద పట్టుకోండి. కాలుతాయి. ఎండలో పడున్న నల్ల పైపులో నిలిచిన నీళ్లవి, నేరుగా వేళ్లకు పోతాయి. తెల్లవారుజామున పూర్తిగా తడిపి, మధ్యాహ్నం ఇంకో తడి అవసరమైతే ఆ వేడి నీళ్లు బకెట్‌లోకి వదిలేశాకే ఇవ్వండి. నీటి ఎద్దడి లేని మొక్క ఆకుల ద్వారా ఆవిరి వదిలి తన చుట్టూ తానే చల్లబరుచుకుంటుంది. అందుకే ఇప్పుడు ఆకులు తుంచకండి.

ఇక షేడ్‌నెట్. దాన్ని లోపల, ప్లాస్టిక్‌కు ఆనించి కట్టడం మన దగ్గర ఎక్కువగా కనిపించే పొరపాటు. అక్కడ నల్ల నెట్ ఎండను పీల్చుకుని ఆ వేడిని లోపలికే వదులుతుంది. ప్లాస్టిక్‌కు బయట, అడుగు ఎత్తు ఖాళీ ఉంచి, 50 శాతం తెల్ల నెట్ కట్టండి. ఉదయం 11 నుంచి నాలుగింటి దాకా కప్పి, తర్వాత లాగేయండి. రోజంతా కప్పి ఉంచితే మొక్కలు సన్నగా సాగి పూత ఇంకా తగ్గుతుంది.

ఫ్యాన్ సంగతి చెప్తాను. మీ హౌస్‌లో పట్టే గాలి సుమారు 1,600 ఘనపుటడుగులు. వేసవిలో అది నిమిషానికోసారి మారాలి. అంటే గంటకు దాదాపు 2,700 ఘనపు మీటర్లు లాగే ఫ్యాన్ కావాలి. వంటింటికి పెట్టే తొమ్మిదంగుళాల ఫ్యాన్ అందులో సగం కూడా లాగదు. కొనేముందు డబ్బా మీద ఆ అంకె చదవండి. ఫ్యాన్ ఒక చివర, గాలి వచ్చే దారి రెండో చివర ఉండాలి. పక్కనే తలుపు తెరిచి ఉంటే ఆ గాలినే తిప్పి బయట పడేస్తుంది, మొక్కలకు ఏమీ అందదు. పైగా అన్నీ మూసి ఫ్యాన్ మీదే ఆధారపడితే మే మధ్యాహ్నం కరెంటు పోయిన అరగంటలో తోట వాడిపోతుంది.

ఫ్యాన్‌తో పాటు గాలి వచ్చే దారిలో, కూలర్‌లో ఉండేలాంటి తడి ప్యాడ్ కూడా పెడితే మాత్రం మీ ఊళ్లో ఫలితం ఉంటుంది. బయట 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న రోజు మంచి ప్యాడ్ గుండా వచ్చే గాలి 27 దాకా దిగుతుంది. మీకు ఆరున్నర చదరపు అడుగుల, నాలుగంగుళాల మందం ప్యాడ్ సరిపోతుంది. ఇదే ప్రశ్న కాకినాడ నుంచో మచిలీపట్నం నుంచో వస్తే వద్దంటాను. అక్కడ 36 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న రోజు అదే ప్యాడ్ 32 దగ్గర ఆగిపోతుంది, పైగా తేమ పెరిగి తెగుళ్లొస్తాయి. ఫాగర్లకూ ఇదే లెక్క. గోడలు మూసి ఫాగర్లు వేస్తే లోపల ఉక్క తప్ప చల్లదనం ఉండదు. తెరిచాక, పొడి గాలి ఉన్న రోజుల్లో పావుగంటకోసారి అర నిమిషం చాలు. బోరు నీళ్లయితే ఆకుల మీద తెల్ల మచ్చలు, నాజిళ్లు మూసుకుపోవడం తప్పవు.

హార్మోన్ మందు గురించి అడిగారు. 48 డిగ్రీల్లో చచ్చిన పుప్పొడికి ఏ మందూ ప్రాణం పోయదు. వేడి తగ్గాక కూడా పిందె రాకపోతే కారణం వేరు కావచ్చు. నెట్ లోపలికి తేనెటీగలు రావు, గాలి ఊపు ఉండదు. ఉదయం పది, పదకొండు మధ్య టమాటా, క్యాప్సికం గుత్తులను వేలితో మెల్లగా తట్టండి. తేమ మరీ ఎక్కువుంటే పుప్పొడి ముద్దకడుతుంది, 60, 70 శాతం ఉన్న వేళ చూసుకోండి. కీరా నాటుది లేదా మామూలు హైబ్రిడ్ అయితే మగ పువ్వు తెచ్చి ఆడ పువ్వుకు అంటించాలి. పాలీహౌస్ కోసం అమ్మే, పరాగం అక్కర్లేని రకాలకు ఆ పని లేదు.

చలికాలంలో సాయంత్రం ఐదున్నరకు కర్టెన్లు దించండి, కానీ పొద్దున ఎనిమిదింటికల్లా లేపేయండి. కప్పుకు పట్టిన చెమ్మ ఆకుల మీద చుక్కలుగా రాలి తడి నిలిచిందంటే బూజు తెగులు వస్తుంది.

ఇప్పుడున్న మొక్కల మాటకొస్తే, కాసిన కాయలు కోసుకుని ఏప్రిల్ రెండో వారానికల్లా టమాటా, కీరా తీసేయండి. క్యాప్సికం ఆకు పచ్చగా ఉంటే నీడలో బతికించుకోవచ్చు. మే అంతా కప్పు ప్లాస్టిక్ విప్పి మడిచి నీడలో భద్రపరిచి, షేడ్‌నెట్ ఒక్కదాని కింద తోటకూర, బచ్చలి, గోంగూర వేసుకోండి. తొలకరికి ప్లాస్టిక్ మళ్లీ ఎక్కించి జూన్ చివర టమాటా నారు పోయండి, క్యాప్సికం నారుకు ఆగస్టు మంచి నెల.