మేస్త్రి గారిని అడగండి: ఇంజను సంగతి సరే, వెనక హౌసింగ్ ఏది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు డీజిల్ పికప్పుల గురించే ఉన్నాయి. అందరూ ఇంజనుతోనే మొదలుపెట్టారు. నలుగురి బాధా ఉన్నది మాత్రం వెనక చక్రాల మధ్య వేలాడే ఆ ఇనుప పొట్టలో, అంటే హౌసింగ్‌లో. గాజువాక ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు దాని కింద వెల్లకిలా పడుకుని పనిచేసినవాణ్ని. కొంచెం చాదస్తంగా చెబుతాను, భరించండి.

ప్రశ్న: మేస్త్రి గారూ, నేను హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. సెలవుల్లో పిల్లలతో తిరగడానికి చిన్న ఇల్లులాంటి ట్రెయిలరు కొన్నాడు. బరువు 12,000 పౌండ్లట. దాన్ని లాగడానికి పాత డీజిల్ పికప్పు చూస్తున్నాడు. ఫోర్డ్ ఎఫ్-250, ర్యామ్ 2500, షెవర్లే సిల్వరాడో 2500 అంటాడు. పదిన్నర అంగుళాల యాక్సిల్ అనీ, పదకొండున్నర అనీ ఏవేవో చెబుతాడు. అంత పెద్ద బండికి పదిన్నర అంగుళాల యాక్సిల్ ఏమిటో నాకు అంతుపట్టలేదు. ఏది కొనమంటారు?
(ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక తండ్రి)

జవాబు: మాస్టారూ, ముందు మీ అంగుళాల చిక్కు విప్పుతాను. అది యాక్సిల్ పొడవు కాదు. హౌసింగ్ లోపల క్రౌన్ వీల్ అని పెద్ద పళ్ల చక్రం ఉంటుంది. ఆ కొలత దాని వ్యాసం. పదిన్నర అంటే 267 మిల్లీమీటర్లు, మనం ఇడ్లీ తినే పళ్లెమంత. పదకొండున్నర అంటే 292, భోజనం కంచమంత. కంచం పెద్దదైతే పళ్లు దిట్టంగా చేయవచ్చు, పంటి మీద పడే ఒత్తిడి తగ్గుతుంది.

1999 నుంచి అయిదేళ్లు నేను సౌదీలోని దమ్మాంలో ఒక గ్యారేజీలో పనిచేశాను. అక్కడ తిరిగే ఈ బండ్లు పెట్రోలువే ఎక్కువ. హౌసింగులు మాత్రం చాలావరకు డీజిల్ బండ్లలో ఉన్నవే, అందుకని వాటితో నాకు పరిచయం ఉంది. ఫోర్డ్ వారి సూపర్ డ్యూటీ వరస 1999 మోడలుతో వచ్చింది. అందులో ఎఫ్-250 కిందా, వెనక ఒక్కో చక్రమే ఉన్న ఎఫ్-350 కిందా ఒకే స్టెర్లింగ్ పదిన్నర అంగుళాల హౌసింగ్ ఉండేది. తేడా అంతా కమాను కట్టల్లోనూ (లీఫ్ స్ప్రింగులు), వాటికీ హౌసింగ్‌కీ మధ్య పెట్టే దిమ్మ ఎత్తులోనూ ఉంది. బండి పేరు మీద వంద పెరిగింది కానీ కింద ఇనుము మారలేదన్నమాట. వెనక జంట చక్రాల ఎఫ్-350 బండ్లలో చాలావాటికి డానా 80 వేశారు. దాని క్రౌన్ వీల్ పదకొండుం పావు అంగుళాలు. ఆ 80 కొలత కాదు, 60, 70 తర్వాత వచ్చిన వరస సంఖ్య.

జనరల్ మోటార్స్ వారు 2001లో డ్యూరామాక్స్ డీజిల్ తెచ్చినప్పుడు దాని వెనక పదకొండున్నర అంగుళాల హౌసింగ్ పెట్టారు. అది అమెరికన్ యాక్సిల్ అనే కంపెనీ సరుకు. ర్యామ్ వాళ్లు అప్పటిదాకా డానా 70, డానా 80 వాడి, 2003 నుంచి అదే కంపెనీకి మారారు. ర్యామ్‌లో ఇంకో తేడా ఉంది. 2014 నుంచి 2500 వెనక కమాను కట్టలు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టారు. 3500కి కట్టలే ఉంచారు. ఖాళీగా వెళ్లేటప్పుడు కాయిల్ బండి ఊయలలా పోతుంది, బరువు పెడితే వెనక కూర్చుంటుంది. ఇంజన్ల మాటకొస్తే ర్యామ్‌లోని కమిన్స్‌కు ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉంటాయి, మిగతా రెండూ వి-8. మూడూ మీ ట్రెయిలర్ని లాగుతాయి. దాని గురించి మీ అబ్బాయి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

చూడాల్సింది లాగడం కాదు, మోయడం. ట్రెయిలరు తన బరువులో కొంత పికప్పు మీద వాలుస్తుంది. బంపరు కింద కొక్కేనికి తగిలించే రకమైతే పది నుంచి పదిహేను శాతం. ట్రక్కు తొట్టి మధ్యలో, వెనక ఇరుసు మీదికి వచ్చి కూర్చునే ఫిఫ్త్ వీల్ రకమైతే పదిహేను నుంచి ఇరవై అయిదు. మీ 12,000 పౌండ్లలో ఇరవై శాతం వేసుకున్నా 2,400 పౌండ్లు. అంటే యాభై కిలోల బియ్యం బస్తాలు ఇరవై రెండింటిని తొట్టిలో పేర్చినట్టు. ఆపైన మనుషులూ, సామానూ.

ఇక్కడే ఎఫ్-250తో పేచీ. చాలా ఎఫ్-250లకు బండీ సరుకూ కలిపి మొత్తం బరువు పరిమితి 10,000 పౌండ్లు. అక్కడి లెక్కలో ఆ తరగతి అంతటితో ఆగుతుంది, ఒక్క పౌండు దాటితే పై తరగతి. డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజను కన్నా బరువు. ఆ బరువు కూడా ఈ పదివేలలోంచే పోతుంది. అందుకే అదే హౌసింగ్ ఉన్నా ఎఫ్-250 డీజిల్‌కు మోసే హక్కు తక్కువ. ఇనుము మోస్తుంది, కాగితం ఒప్పుకోదు.

మీ అబ్బాయిని ఒక పని చేయమనండి. ఏ బండి చూసినా డ్రైవరు తలుపు తెరిచి, ద్వారబంధం మీద అంటించిన చీటీని ఫొటో తీయమనండి. మొత్తం బరువు పరిమితీ, వెనక యాక్సిల్ పరిమితీ విడివిడిగా దాని మీద ఉంటాయి. ట్రెయిలరు ఫిఫ్త్ వీల్ రకమైతే 250, 2500 జోలికి పోవద్దు. కమాను కట్టలున్న 350 లేదా 3500 తీసుకోమనండి. బంపరు కొక్కెం రకమైతే, చీటీ ఒప్పుకుంటే, 2500 చాలు.

ప్రశ్న: అనకాపల్లి నుంచి బెల్లం వేసుకుని వస్తుండగా లంకెలపాలెం దగ్గర మా పికప్పు వెనక ఎడమ చక్రం షాఫ్టుతో సహా బయటికి వచ్చేసింది. దేవుడి దయ వల్ల బండి తిరగబడలేదు. వేరే కంపెనీ పికప్పుల్లో ఇలా జరగదంటున్నారు, నిజమేనా?
(అనకాపల్లి నుంచి ఒక వ్యాపారి)

జవాబు: కంపెనీని బట్టి కాదండీ, యాక్సిల్ రకాన్ని బట్టి. మీది సెమీ ఫ్లోటింగ్. అందులో చక్రాన్ని తిప్పేదీ షాఫ్టే, బండి బరువు మోసేదీ షాఫ్టే. కావడి మోసేవాడి చేతే తిరగలి కూడా తిప్పించినట్టు. బేరింగు పోయినా, దాన్ని పట్టి ఉంచే కాలరు జారినా, షాఫ్టు విరిగినా చక్రం దారి చూసుకుంటుంది. ఫుల్ ఫ్లోటింగ్ రకంలో బరువంతా హౌసింగ్ గొట్టం చివరన రెండు బేరింగుల మీద కూర్చున్న హబ్బుది. షాఫ్టుది తిప్పే పని మాత్రమే. అది విరిగినా చక్రం ఉన్నచోటే ఉంటుంది. గుర్తుపట్టడం తేలిక: చక్రం మధ్యలోంచి గిన్నెలా హబ్బు బయటికి పొడుచుకు వచ్చి, దాని మూతి చుట్టూ బోల్టులుంటే ఫుల్ ఫ్లోటింగ్. పైన మాస్టారు అడిగిన అమెరికా బండ్లన్నీ ఆ రకమే.

చక్రం చెప్పకుండా రాలేదని నా నమ్మకం. ముందు కొన్నాళ్లు ఆ వైపు నుంచి రొద వచ్చి ఉంటుంది, టైరు లోపలి గోడ మీద నూనె చారిక కనిపించి ఉంటుంది. బెల్లం ఎన్ని దిమ్మలు వేశారో మీరు రాయలేదు. నేను అడగను.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో పికప్పు కొన్నాను. ఇంజను శుభ్రంగా ఉంది, పొగ లేదు. కానీ కిరాణా సరుకుతో అరకు వెళ్లేటప్పుడు శృంగవరపుకోట దాటాక ఘాట్‌లో రెండో గేరులో కూడా ఆయాసపడుతోంది. పాత యజమాని అందం కోసం పెద్ద టైర్లు వేయించాడు. డిఫరెన్షియల్ (హౌసింగ్ లోపలి పళ్ల చక్రాలు) మార్చి ఉంటాడని ఒక మెకానిక్ అంటున్నాడు. విప్పకుండా తెలుసుకోవచ్చా?
(పెందుర్తి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: సుద్దముక్క ఉంటే చాలు. బండిని చదును నేల మీద నిలిపి, ముందు చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు వేయండి. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు వదిలేయాలి. వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపి, యాక్సిల్ కింద స్టాండు పెట్టండి. రెండో చక్రం నేల మీదే ఉండాలి. లేచిన టైరు మీద ఒక గీత, గేరుబాక్సు నుంచి హౌసింగ్‌కు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఒక గీత గీయండి. ఒకరు టైరును చేత్తో సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి, ఇంకొకరు పక్కనుంచి వంగి చూస్తూ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. ఒక చక్రం కదలకుండా ఉన్నప్పుడు రెండోది రెండు చుట్లు తిరిగితే క్రౌన్ ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి షాఫ్టు చుట్లే మీ డిఫరెన్షియల్ నిష్పత్తి. ఆ అంకె ఎంత పెద్దదైతే బండి అంత బలంగా లాగుతుంది. నాలుగు దాటి పిసరంత తిరిగితే 4.1, మూడుముప్పావుకు కాస్త తక్కువైతే 3.73. క్రౌన్‌కు 41 పళ్లుండి, దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం పినియన్‌కు పది ఉంటే మొదటిది, పదకొండు ఉంటే రెండోది.

నా అనుమానం మాత్రం టైర్ల మీదే. టైరు వ్యాసం పది శాతం పెరిగితే 4.1 బండి 3.73 బండిలా లాగుతుంది. అంటే ఎవరూ స్పానరు పట్టకుండానే పినియన్‌కు ఒక పన్ను మొలిచినట్టు. స్పీడోమీటరు 60 చూపించేటప్పుడు మీరు 66లో పోతుంటారు, అది ఇంకో ప్రమాదం. దిగేటప్పుడు ఇంజను పట్టి ఆపే బలమూ ఆ మేరకు తగ్గి, అనంతగిరి మలుపుల్లో బ్రేకుల మీద భారం పడుతుంది. ముందు కంపెనీ కొలత టైర్లు వేయించండి. అప్పటికీ లాగకపోతే క్రౌన్, పినియన్ మార్చే ఆలోచన చేయవచ్చు. మారిస్తే రెండూ జతగానే మార్చాలి. అవి ఒకదానికొకటి అరగదీసి జత కట్టిన జోడీ. ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ వేసి డబ్బు మిగిల్చాననుకున్నవాళ్ల బండి ఆనందపురం చేరేలోపే సన్నాయి ఊదుతుంది.

ప్రశ్న: ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలు వేస్తాం. హౌసింగ్ ఆయిల్ మార్చి మూడు నెలలే అయింది, విప్పి చూస్తే పాలు కలిపిన కాఫీలా ఉంది. ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు రెండుసార్లు మార్చాం.
(జాలరిపేట నుంచి అన్నదమ్ములు)

జవాబు: సీళ్లను తిట్టకండి నాయనా. హౌసింగ్ నెత్తిన చిన్న టోపీలాంటి బ్రీదర్ ఉంటుంది, దాన్ని చూడండి. బండి నడిస్తే లోపలి గాలి వేడెక్కి అందులోంచి బయటికి పోతుంది. చల్లబడితే తిరిగి లోపలికి వస్తుంది. మీ బండి తొట్టిలోంచి కరిగిన ఐసూ, చేపల ఉప్పునీరూ రోజంతా దాని మీదే కారుతుంటాయి. ఆ టోపీ తుప్పు పట్టి బిగిసిపోతే హౌసింగ్‌కు ఊపిరాడదు. వేడి మీదున్న బండిని తెచ్చి పైపుతో కడుగుతారు. లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుని, దారి లేక సీళ్ల అంచుల్లోంచి నీళ్లు పీలుస్తుంది. కొత్త సీలైనా అంతే.

టోపీ తీసేసి, అక్కడ ఒక గొట్టం మూతి బిగించి, దానికి రబ్బరు గొట్టం తగిలించి ఛాసిస్ మీదుగా తొట్టి అడుగుదాకా ఎత్తుగా తీసుకెళ్లండి. చివర కిందికి వంచి ఉంచాలి. యాక్సిల్ ఎగిరినప్పుడు లాగకుండా కొంచెం వదులు ఉండాలి. కడిగే ముందు అరగంట బండిని చల్లారనివ్వండి. పాడైన ఆయిల్ పారబోసి, తొంభై నంబరు గేరు ఆయిల్, జీఎల్-5 రకం పోయండి. నీళ్లు పడిన హౌసింగ్ కాబట్టి వారం తిరిగాక అదీ తీసి మళ్లీ కొత్తది పోయాలి. ఖర్చే, కానీ బేరింగుల కన్నా తక్కువ.

ఒక్క మాట. ఆయిల్ తీసేటప్పుడు కింది బోల్టు ముట్టుకునే ముందు, నింపే పై బోల్టు కదులుతుందో లేదో చూసుకోండి. ఉప్పుగాలికి అది పట్టేస్తుంది. మా కుర్రాడొకడు ఇలాగే కింది బోల్టు విప్పి ఆయిలంతా డబ్బాలోకి దించేశాక పై బోల్టు సంగతి చూశాడు. అది రాలేదు. ఖాళీ హౌసింగ్‌తో ఆ బండి సాయంత్రం దాకా మా షెడ్డులో, అందులోని చేపలు ఎండలో.