బౌంటీ కవరు కోసం నగలు తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న: అనంతపురం టవర్ క్లాక్ దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్నాను. వయసు 33. దుకాణం ఖర్చులు పోను నెలకు 45 వేలు ఇంటికి వస్తాయి. నాలుగేళ్ల పాప ఉంది. గోవాలో మిస్టరీ బౌంటీ పోకర్ టోర్నమెంటు ఆడాలని ఉంది. ఈ పేకాట పోటీలో ఒకరిని ఓడించి ఆట నుంచి తప్పిస్తే, లోపల ఎంతుందో తెలియని కవరు ఒకటి తీయవచ్చు; అందులోని బహుమతినే బౌంటీ అంటారు. ప్రవేశానికి 25 వేలు. టోర్నమెంటు గెలవకపోయినా, ఒక్కరిని ఓడించినా పెద్ద కవరు రావచ్చని మిత్రులు అంటున్నారు. నా భార్య నగల మీద లక్షన్నర తీసుకుని, దీన్ని పెట్టుబడి అనుకోవచ్చా?

జవాబు: వద్దండీ. ఆ నగలను బీరువాలోంచి కదిలించకండి.

మీ మిత్రులు చెప్పింది అబద్ధం కాదు. 2022లో లాస్ వేగాస్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో వెయ్యి డాలర్ల ప్రవేశంతో ఇలాంటి పోటీ పెట్టారు. మ్యాట్ గ్లాంట్జ్ అనే ఆటగాడు పది లక్షల డాలర్ల బౌంటీ తీశాడు. ఆ పోటీ విజేతకు దక్కిన మొదటి బహుమతి కూడా అంత లేదు. అయితే అందులో నమోదైన ప్రవేశాలు 14 వేలకు పైనే. మనకు వినిపించేది ఆ ఒక్క కవరు సంగతే.

మీ 25 వేలు ఎటు పోతాయో ఒక ఊహాలెక్కతో చూద్దాం. నిర్వాహకుల రుసుము 2,500, బౌంటీల నిధికి 10 వేలు, మిగిలినది మామూలు బహుమతులకు. 200 మంది ఆడితే బౌంటీ నిధి 20 లక్షలు. కవర్లు తీయడం మొదటి నుంచీ ఉండదు. సాధారణంగా చాలామంది ఓడిపోయాకే మొదలవుతుంది. 30 మంది మిగిలినప్పుడు మొదలైందనుకుందాం. అంతకుముందు మీరు ఐదుగురిని ఓడించినా ఒక్క కవరూ రాదు. ఇక 30 కవర్లలో ఒకటి ఐదు లక్షలది, రెండు రెండేసి లక్షలవి అయితే మిగతా 27 కవర్లలో ఉండేది సుమారు 40 వేల చొప్పున. మీ చేతికి వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నది ఆ 40 వేల కవరే.

దాని మీద పన్ను 30 శాతం, సెస్సుతో 31.2 శాతం. అంటే 12,480 పోయి 27,520 మిగులుతాయి. ప్రవేశ రుసుము తీసేస్తే మిగిలేది 2,520. గోవా ప్రయాణం, బస ఇంకా లెక్కలోకి రాలేదు. ఆ దశకు చేరినవారికి కనీస బహుమతీ రావచ్చు, కానీ దానికీ ఇదే పన్ను. అన్నిటికన్నా బాధించే నిబంధన ఇంకొకటి ఉంది: ఇలాంటి గెలుపు నుంచి ఖర్చులనూ, వేరే పోటీల్లో పోగొట్టుకున్నదాన్నీ తీసివేసి పన్ను కట్టడానికి చట్టం ఒప్పుకోదు. మూడు పోటీల్లో 75 వేలు పెట్టి, ఒకదానిలో 60 వేలు గెలిచినా, నష్టపోయిన మీరే 18,720 పన్ను కట్టాలి.

మీకు ఆట బాగా వచ్చని నమ్ముతాను. పేకల్లో నైపుణ్యం నిజంగా పనిచేస్తుంది. కానీ ఎదుటివాడిని ఓడించడం వరకే అది మీది, ఏ కవరు తగులుతుందన్నది కాదు. నిధిలో సగం దాకా రెండు మూడు కవర్లలోనే ఉన్నప్పుడు, మంచి ఆటగాడికి కూడా తన ప్రతిభకు ఫలితం కనబడాలంటే ఎన్నో పోటీలు ఆడాలి. అప్పు డబ్బుకు అంత ఓపిక ఉండదు. వడ్డీ మాత్రం నెల నెలా వస్తుంది.

సాధన కోసమని ఫోనులో డబ్బు పెట్టి ఆడే ఆలోచన ఉంటే అదీ మానండి. మన రాష్ట్రంలో 2020 నుంచే నిషేధం ఉంది. 2025లో పార్లమెంటు కూడా ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది.

అంత మనసు పడుతున్నారు కాబట్టి పూర్తిగా మానేయమని చెప్పను. నెలకు మూడు వేల చొప్పున విడిగా దాచండి. ఏడాది తర్వాత ఆ 36 వేలతో ఒక్కసారి వెళ్లిరండి. ఓడిపోయాక మళ్లీ రుసుము కట్టి కూర్చోవద్దు. దాన్ని విహారయాత్ర ఖర్చు కింద రాసుకోండి, పెట్టుబడి కింద కాదు.

దానికన్నా ముందు జరగాల్సినవి ఉన్నాయి. మీ ఉత్తరంలో బీమా మాటే లేదు. మీ సంపాదన మీదే ఇల్లు నడుస్తున్నప్పుడు కనీసం 75 లక్షల టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. ఆరు నెలల ఇంటి ఖర్చు, దుకాణం అద్దె బ్యాంకులో ఉండాలి. పాప పేరిట పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతాను 250 రూపాయలతో కూడా తెరవవచ్చు. టర్మ్ పాలసీకి ఎంత ప్రీమియం చెప్పారో, దుకాణానికి ఉన్న అప్పులెన్నో రాయండి. నెలకు ఎంత దేనికి వెళ్లాలో అప్పుడు కచ్చితంగా చెబుతాను.