పాత స్పోర్ట్స్ బైకుకు రెండు ధరలు

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు. షికాగో దగ్గర ఎమ్మెస్ ముగించి ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. 2000 నాటి హోండా సీబీఆర్ 600 ఎఫ్4 ఒకటి 2,500 డాలర్లకు వస్తోంది. కొనమంటారా?

జవాబు: తమ్ముడూ, సెలవు మీద తిరుపతి వచ్చి ఉన్నాను, నీ ఉత్తరం ఇక్కడే చదివాను. నువ్వు చెప్పిన మోడలునే నేను 2009లో కొన్నాను కాబట్టి జవాబు కాస్త పెద్దదే అవుతుంది.

కాలేజీ రోజుల్లో నాకు యమహా ఆర్ఎక్స్100 బైకు ఉండేది. 98 సీసీ, 11 హార్స్‌పవర్, ఒకే సిలిండరు, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకిచ్చే కార్బ్యురేటర్ కూడా ఒకటే. బండి మొరాయిస్తే రేణిగుంట రోడ్డులో ఒక మెకానిక్ అన్న షెడ్డుకు తోసుకెళ్ళేవాణ్ణి. నేను టీ తాగి వచ్చేలోగా కార్బ్యురేటర్ విప్పి, పెట్రోలు వచ్చే సన్న రంధ్రపు జెట్టును నోటితో ఊది, మళ్ళీ బిగించేవాడు. యాభై రూపాయలు చేతిలో పెడితే పని అయిపోయేది. ఆ బండి మీద తిరుమల ఘాట్‌రోడ్డు ఎన్నిసార్లు ఎక్కి దిగానో లెక్కలేదు. బండ్ల గురించి నాకు తెలియనిది లేదన్న నమ్మకంతో అమెరికా వెళ్ళాను.

అక్కడ ఆ సీబీఆర్ 2,200 డాలర్లన్నారు. అప్పటి డాలరు 48 రూపాయల చొప్పున లెక్క వేసుకుంటే లక్ష పైచిలుకు. నాలుగు సిలిండర్ల 600 సీసీ బండి లక్ష రూపాయలకా అని మురిసిపోయి, ఎర్ర రంగు మెరుపు తప్ప మరేమీ చూడకుండా కొనేశాను. ఇప్పుడు నువ్వు కూడా అదే లెక్క వేస్తున్నావని ఉత్తరంలోనే తెలుస్తోంది. కొనే ధరను రూపాయల్లోకి మార్చి సంబరపడేవాళ్ళు మరమ్మతు ఖర్చును మాత్రం మార్చి చూసుకోరు.

టైర్ల గాడులు లోతుగా ఉన్నాయి కదా అని ధైర్యంగా ఉన్నాను. వాన పడిన రోజు సిగ్నల్ దగ్గర వెనక చక్రం జారితే, అప్పుడు వంగి చూశాను. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. నా టైరు మీద 1402 అని ఉంది. అంటే 2002లో పద్నాలుగో వారం తయారైంది. ఏడేళ్ళ రబ్బరు గోరు దిగనంత గట్టిపడింది. రెండు టైర్లకూ 340 డాలర్లు. గొలుసు, పళ్ళ చక్రాలు అరిగిపోయాయి, వాటికి 200.

అసలు దెబ్బ చలికాలంలో తగిలింది. సగం ట్యాంకు పెట్రోలుతో నాలుగు నెలలు బండిని కదపకుండా వదిలేశాను. తీరా మార్చిలో చూస్తే స్టార్ట్ కాలేదు. బ్యాటరీ పోయింది, అది 90. ఎఫ్4కు నాలుగు కార్బ్యురేటర్లు, నాలుగింటిలోనూ పెట్రోలు బంకగా మారి పేరుకుంది. వర్క్‌షాపులో ఆరు గంటల పని, గంటకు 90 డాలర్లు అన్నారు. 540 డాలర్లు! ఏడాది తిరగకుండా 1,170 వదిలింది.

ఆ నెల చదువు అప్పు వాయిదాకు నేను ఇంటికి డబ్బు పంపలేకపోయాను. నాన్న తన పింఛనులోంచి కట్టి, నాతో ఒక్క మాట కూడా అనలేదు. ఆ సంగతి అమ్మ చెబితే తెలిసింది. ఇప్పటికీ బండి బిల్లు ఏది చూసినా అదే గుర్తొస్తుంది.

అప్పుడే సర్వీసు మాన్యువల్, పనిముట్లు కొన్నాను. తర్వాతిసారి ఆ నాలుగు కార్బ్యురేటర్లనూ నేనే విప్పాను. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్టును బల్బుకు ఎదురుగా పట్టుకుంటే సూది మొనంత వెలుగు చుక్క కనబడాలి. కనబడకపోతే మూసుకుపోయినట్టే. తీగతో పొడవకూడదు, రంధ్రం పెద్దదవుతుంది. క్లీనర్లో నానబెట్టి గాలితో ఊదాలి. బిగించాక నాలుగూ సమంగా గాలి పీలుస్తున్నాయో లేదో వాక్యూమ్ గేజీలతో సరిచూడాలి. రెండు శనాదివారాలు పట్టింది. ఆ బండి ఇప్పటికీ నా గ్యారేజీలో ఉంది, ఒక్క మీట నొక్కితే లేస్తుంది. చలికాలం ముందు ట్యాంకు నింపి, పెట్రోలు పాడవకుండా ఆపే స్టెబిలైజర్ కలిపి, అది కార్బ్యురేటర్లదాకా చేరేలా పది నిమిషాలు ఇంజను నడుపుతాను. బ్యాటరీని చిన్న చార్జర్‌కు తగిలిస్తాను. పది డాలర్ల సీసాతో 540 డాలర్లు మిగులుతాయి.

నువ్వు చూడబోయే రోజు, ఇంజను ముందే వేడి చేసి ఉంచవద్దని అమ్మేవాడికి గట్టిగా చెప్పు. వెళ్ళగానే ఇంజనుకు చెయ్యి ఆనించి చూడు. వెచ్చగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాని సంగతేదో దాస్తున్నట్టు. ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టి ఉంచే ఫోర్కు గొట్టాల మీద వేలు రాయి, నూనె తగిలితే దాన్ని ఆపే సీళ్ళు పోయాయి. వెనక పళ్ళ చక్రం మీద గొలుసును వెనక్కి లాగు, పళ్ళకూ గొలుసుకూ మధ్య సందు కనబడితే రెండూ మార్చాల్సిందే. బ్రేకు ద్రవం లేత తేనె రంగులో ఉండాలి, కాఫీ డికాక్షన్‌లా ఉంటే ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోలేదు. టైటిల్ అంటే బండి యాజమాన్య పత్రం, దాని మీది నంబరు, ఫ్రేము మీది నంబరు ఒకటే కావాలి. భారీగా దెబ్బతిన్న బండికిచ్చే సాల్వేజ్ టైటిల్ అయితే ఎంత చవకైనా వెనక్కి వచ్చెయ్.

మోటారుసైకిలు నడపడానికి కావలసిన ఎం క్లాసు లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా నియమాలు రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నాయి, చదువుకో. ఇల్లినాయ్‌లో హెల్మెట్ తప్పనిసరి చేసే చట్టం లేదు, నువ్వు మాత్రం మంచిది కొనుక్కో. అక్కడి ఆసుపత్రి బిల్లు ముందు ఏ హెల్మెట్ ధరైనా తక్కువే.

ఇక డబ్బు మాట. నీ దగ్గర 2,500 మాత్రమే ఉంటే ఆ బండి నీది కాదు, నాకైనట్టు మరమ్మతులకూ డబ్బు ఉండాలి. అప్పు వాయిదా, ఇంటికి పంపేది పక్కన పెట్టాక 4,000 మిగిలితే వెళ్ళి చూడు. మిగలకపోతే ఇంకో ఏడాది ఆగు, అలాంటి బండ్లు అప్పుడూ దొరుకుతాయి. ముందు ఆ టైర్ల మీది నాలుగు అంకెలు ఫొటో తీసి పంపు. వచ్చే నెల పదో తేదీకి నేను షికాగోలో ఉంటాను. కొనడమే జరిగితే గేజీలు నా దగ్గర ఉన్నాయి, కొత్తవి కొనవద్దు. ఒక శనివారం పొద్దున బండితో మా ఇంటికి రా.