గుజరాత్ బోటులో మందు సీసా దొరికితే ఏమవుతుంది?

మీ తమ్ముడు ఈ ఆగస్టులో మొదటిసారి గుజరాత్ రేవు వెరావల్‌కి కలాసీగా, అంటే బోటు మీద కూలీగా, వెళ్తున్నాడని రాశారు. "మందు నిషేధం ఒడ్డు మీదేరా, నీళ్ల మీద ఎవడడుగుతాడు" అని తోటి కుర్రాళ్లు చెప్తున్నారట, అందులో ఎంత నిజముందని మీ ప్రశ్న. నిజం లేదు. నాదీ శ్రీకాకుళం తీరమే. వెరావల్ బోట్ల మీద చేశాను, తర్వాత కొంతకాలం డయ్యూలోని వనక్‌బారాలో చేశాను. ఈ మాట నేను చేరిన కొత్తలోనూ విన్నాను, ఇప్పటికీ వింటున్నాను.

మనవాళ్లకి నిషేధం అంటే ఎన్టీఆర్ 1995లో పెట్టింది, 1997లో సడలిపోయింది గుర్తొస్తుంది. గుజరాత్ సంగతి వేరు. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం 1960లో ఆ రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచి ఇప్పటిదాకా అక్కడ నడుస్తోంది. అక్కడ అమ్మడం ఒక్కటే కాదు, పర్మిట్ లేకుండా తాగడమూ నేరమే, దగ్గర పెట్టుకోవడమూ నేరమే. అవి 66వ సెక్షన్ కింద వస్తాయి. కొని, రవాణా చేశాడని 65వ సెక్షన్ పెడితే, 2017 సవరణ తర్వాత పదేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. తాగి గొడవ చేస్తే 85వ సెక్షన్ వేరే ఉంది. బయటి రాష్ట్రం వాళ్లకి పర్మిట్ ఇస్తారు కదా అంటారేమో. అది నాలుగు రోజులు చూసి పోయే టూరిస్టుకి. సీజన్ అంతా అక్కడే ఉండి పనిచేసే కలాసీకి అది పనికిరాదు.

ఇక సముద్రం సంగతి. ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, మన దేశపు ప్రాదేశిక జలాలు. ఆ గీత దాటాక గుజరాత్ చట్టం పనిచేస్తుందా లేదా అన్నది లాయర్లు తేల్చుకోవాల్సిన ముచ్చట. కలాసీకి ఆ వాదన దాకా వెళ్లే డబ్బూ ఉండదు, ఓపికా ఉండదు. అసలు ఆ అవసరం కూడా రాదు. సీసా సముద్రంలో పుట్టదు కదా! ఐసు, డీజిలు, రేషను ఎక్కించినప్పుడే అదీ జెట్టీ మీంచే ఎక్కాలి. ఎక్కిన క్షణానికే నేరం పూర్తయింది. బోటు గీత దాటేదాకా అది లోపలే ఉంటుంది. ఇరవై రోజుల వేట ముగించుకుని వచ్చేటప్పుడు మిగిలుంటే మళ్లీ అదే కథ. ఖాళీ సీసా నీళ్లలో పారేసినా, ఒంట్లో ఉన్నదాన్ని పారేయలేం. ఒడ్డున దిగినవాడు తూలుతుంటే ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తం తీయిస్తారు. 0.05 శాతం దాటితే తాగింది నిషేధం కింద రానిదని నిరూపించుకోవాల్సిన భారం వాడి మీదే పడుతుంది.

నడి సముద్రంలో చూసేవాళ్లు లేరన్నది కూడా పాత కాలం మాట. 2008 నవంబరులో ముంబయి మీద దాడికొచ్చినవాళ్లు వాడుకున్నది పోర్‌బందర్ చేపల బోటే, కుబేర్. అప్పటినుంచి ఆ తీరంలో కోస్ట్ గార్డ్, మెరైన్ పోలీసులు బోటు ఆపి ఎక్కి చూడటం మామూలైపోయింది. వేటకి వెళ్లేముందు తీసుకునే టోకెన్‌లో రాసిన పేర్లకీ, బోటులో ఉన్న మనుషులకీ సరిపోతోందా, కార్డులున్నాయా అని చూస్తారు. వాళ్లు వెతికేది మందు కోసం కాదు. కానీ వల కింద చెయ్యి పెట్టినప్పుడు సీసా తగిలితే దాన్ని చూడనట్టు వదిలేయాలన్న రూలేమీ లేదు.

బోట్లలో అసలు మందే ఉండదని నేననను. ఉంటుంది. కొందరు తండేళ్లు (బోటు నడిపే పెద్దలు) చలికని ఒక సీసా దాచుకుంటారు, బోటు యజమానులైన కొందరు సేఠ్‌లు తెలిసీ ఊరుకుంటారు. అయితే దొరికిన రోజున ఎవరి సీసా అవుతుందో ఆలోచించండి. 98వ సెక్షన్ కింద మద్యం మోసిన వాహనాన్ని జప్తు చేయొచ్చు, పడవలు కూడా అందులోకే వస్తాయి. లక్షల విలువైన బోటు కేసు తేలేదాకా కట్టేసి ఉంటే సేఠ్‌కి సీజన్ పోయినట్టే. అందుకని "అది కలాసీదే, మాకేం తెలీదు" అన్న మాట ముందు వాళ్ల నోటినుంచే వస్తుంది. కలాసీకి గుజరాతీ రాదు, హిందీ అంతంతమాత్రం. స్టేషన్లో ఏ కాగితం మీద వేలిముద్ర వేశాడో వాడికే తెలీదు. బెయిలు వచ్చినా జామీను పడటానికి అక్కడివాడు కావాలి. ఇంటి దగ్గర తీసుకున్న అడ్వాన్సు మాత్రం అలాగే నెత్తిమీద ఉంటుంది. జైలు శిక్ష కన్నా ఇదే మనవాళ్లని ఎక్కువగా విరగ్గొట్టేది.

డయ్యూ గురించి విడిగా చెప్పాలి, ఎక్కువమంది ఇరుక్కునేది అక్కడే. అది కేంద్రపాలిత ప్రాంతం, మందు దొరుకుతుంది, చవక కూడా. వెరావల్ నుంచి బస్సులో రెండు మూడు గంటలు. సెలవు రోజున వెళ్లి తాగి రావడం కుర్రాళ్లకి సరదా. డయ్యూలో తాగితే తప్పు లేదు. తిరిగొచ్చేటప్పుడు ఊనా వైపు చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపి సంచులు విప్పుతారు. మా గదిలో ఉండే ఒకబ్బాయి, మన జిల్లావాడే, లుంగీలో చుట్టిన రెండు క్వార్టర్ల కోసం అక్కడ దొరికిపోయాడు. ఆ సమయానికి బోటు బయల్దేరాల్సి ఉంది, బయల్దేరింది కూడా, వాడు లేకుండానే. వాయిదాలకి తిరుగుతూ ఆ సీజన్లో వాడు సంపాదించిందేమీ లేదు.

వనక్‌బారా బోటులో చేరితే బాధ తీరుతుందా అంటే అదీ కాదు. ఇంజిన్ చెడినా, తుపాను హెచ్చరిక వచ్చినా దగ్గర్లో ఉన్న రేవులోకి దూరాలి. అది నవాబందరో జాఫ్రాబాదో అయితే, అది గుజరాత్. తుపానులో ప్రాణం దక్కించుకోవడానికి వచ్చామని చెప్తే బోటుని రానిస్తారు, సీసాకి మాత్రం ఆ మినహాయింపు లేదు. అందుకే మేము పనిచేసినప్పుడు పెద్ద తండేలు ఒకాయన ఒడ్డున ఎంతైనా తాగండి, బోటెక్కేముందు సంచి నాకు చూపించండి అనేవాడు. కుర్రాళ్లు తిట్టుకునేవాళ్లు. నాకైతే ఆయన చేసింది సబబే అనిపించేది.

చలికి మందు అన్న మాట కూడా నమ్మొద్దని చెప్పండి. కచ్ఛ్ వైపు డిసెంబరు, జనవరి రాత్రుళ్లు గాలి కొరుకుతుంది, నిజమే. మందు తాగితే చర్మం వెచ్చగా అనిపిస్తుంది గానీ ఒంట్లో వేడి బయటికి పోతుంది. మొదటి వేటలో వాంతులవుతుంటే గుక్కెడు తాగమనేవాళ్లూ ఉంటారు. వాంతులతో ఎండిపోయిన ఒంటిని అది ఇంకా ఎండబెడుతుంది. రాత్రి మూత్రానికి లేచి బోటు అంచున నిలబడ్డప్పుడు కాలు జారి పోయినవాళ్ల కథలు ప్రతి రేవులోనూ ఉన్నాయి. అలా పోతే బీమా దగ్గర కూడా చిక్కే. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారుడు ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 5 లక్షలు వస్తుంది. కానీ ప్రమాద బీమా సాధారణంగా మత్తులో జరిగినదాన్ని పక్కన పెట్టేస్తుంది. పోస్టుమార్టం కాగితంలో ఆ ఒక్క మాట పడితే ఇంటివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఇంకొకటి, పాకిస్తాన్ సముద్ర సరిహద్దు. 2018 నవంబరు చివర్లో మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఆ జలాల్లో పట్టుబడి, కరాచీ జైల్లో ఉండి, వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. వాళ్లకీ మందుకీ సంబంధమే లేదు, అలా ఎవరైనా అంటే నమ్మకండి. నేను చెప్పేదల్లా, అక్కడ రాత్రి కాపలా ఉన్నవాడు జీపీఎస్ మీంచి కళ్లు తిప్పకూడదు, మిగతావాళ్లంతా నిద్రపోతుంటారు. ఆ ఒక్కడూ మత్తులో ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

డయ్యూ వెళ్లడానికి వీల్లేని రోజుల్లో రేవు పక్క సందుల్లో ప్లాస్టిక్ కవర్లలో నాటుసారా దొరుకుతుంది. దాని జోలికి అసలు పోవద్దని చెప్పండి. 2022 జూలైలో గుజరాత్ బోటాద్, అహ్మదాబాద్ జిల్లాల్లో అలాంటిది తాగే నలభై మందికి పైగా పోయారు. అందులో ఉన్నది మిథైల్ ఆల్కహాల్ అనే విషం.

మన దగ్గర విశాఖలోనో కాకినాడలోనో అయితే ఇంత గట్టిగా ఉండదు, షాపులో కొన్న సీసా పరిమితికి లోబడి ఉంటే గొడవ లేదు. గొడవల్లా యానాం సరుకుతో. అది పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి, గోదావరి పాయలో పడవ మీద తెచ్చినా ఆంధ్రా ఎక్సైజు వాళ్లకి అది పన్ను కట్టని మద్యమే.

చివరగా ప్రయాణం సంగతి, దీన్ని చాలామంది మర్చిపోతారు. మనవాళ్లు ఎక్కువగా పూరీ–ఓఖా బండి ఎక్కి రాజ్‌కోట్‌లో దిగి వెరావల్ పోతారు. దారి పొడవునా ఖర్చవుతుందని ఇక్కడ కొన్న సీసాలు సంచిలో వేసుకుంటారు. మహారాష్ట్ర దాటి బండి గుజరాత్‌లో అడుగుపెట్టగానే ఆ సంచి నేరమవుతుంది. సూరత్ నుంచి రైల్వే పోలీసులు బోగీల్లో తిరుగుతుంటారు. శ్రీకాకుళం రోడ్డులో బండెక్కే ముందే మీ తమ్ముడి సంచి ఒకసారి మీరే సర్దండి.