పీహెచ్ ఒక్క అంకె పెరిగితే అంత కంగారెందుకు?

"మా రొయ్యల చెరువులో పొద్దున 7.8 ఉన్న పీహెచ్ సాయంత్రానికి 8.8 చూపిస్తోంది. తేడా ఒక్క అంకేగా, అందరూ ఎందుకు భయపెడుతున్నారు?" అని అడిగారు. మూడేళ్ల కిందట నేనూ ఇదే మాటన్నాను. చేతులు కాలాక తెలిసొచ్చింది.

పీహెచ్ అంటే నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత. అందులో అంకెలు తూకంలో కిలోల్లాంటివి కావండీ. ఒక్కో అంకెకీ పదింతల తేడా. 7 నుంచి 8కి వెళ్తే నీళ్లలో హైడ్రోజన్ అయాన్లు పదో వంతుకు పడిపోతాయి, 9కి వెళ్తే నూరో వంతుకు. తటస్థంగా, అంటే ఆమ్లమూ క్షారమూ కాకుండా ఉన్న నీళ్లలో ఆ అయాన్ల లెక్క లీటరుకు 0.0000001 మోల్ (మోల్ అంటే రసాయన శాస్త్రంలో కణాల్ని లెక్కపెట్టే కొలత). ఇన్ని సున్నాలు రాసే బాధ లేకుండా సోరెన్‌సెన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త 1909లో దాన్ని 7 అనే చిన్న అంకెలోకి కుదించాడు. అంకె తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఈ తిరకాసు దగ్గరే ఇంటర్‌లో నా మార్కులు పోయాయి. నిమ్మరసం 2 చిల్లర, పాలు 6.6 అటూ ఇటూ, సున్నపు తేట 12 పైన. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడేది క్షారం వల్లే. అందులో కాస్త నిమ్మరసం పిండి చూడండి, మళ్లీ పసుపుపచ్చకు తిరుగుతుంది.

ఇక చెరువు సంగతి. ఎండ ఉన్నంతసేపూ నీళ్లలోని పాచి కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకుంటుంది, అందుకే సాయంత్రానికి పీహెచ్ పెరుగుతుంది. రాత్రి పాచి, రొయ్యలు అన్నీ శ్వాసలో కార్బన్ డయాక్సైడ్‌ని నీళ్లలోకి వదులుతాయి, తెల్లారేసరికి పీహెచ్ తగ్గుతుంది. నేను పొద్దున ఆరింటికి మాత్రమే చూసేవాణ్ణి. ఒకరోజు 7.5 కనిపిస్తే తక్కువైందని కాల్చిన సున్నం చల్లించాను. ఆ సాయంత్రం 9.1! చెక్ ట్రేలో (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) వేసిన మేత వేసినట్టే ఉంది, రొయ్యలు గట్టు వారకి వచ్చేశాయి.

అసలు దెబ్బ అమ్మోనియా వల్ల. మేత మిగులు, రెట్టల నుంచి అది ఎప్పుడూ ఎంతో కొంత తయారవుతూనే ఉంటుంది. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 8 ఉంటే అందులో విషంగా మారేది పదో వంతు కూడా ఉండదు. 9 అయితే దాదాపు సగం. అంటే అమ్మోనియా కొత్తగా ఒక్క చుక్క చేరకపోయినా విషం దాదాపు ఆరింతలవుతుంది.

మా బాబాయి వచ్చి ముందు మేత ఆపించాడు, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లన్నీ వేయించాడు, కొంత నీరు మార్పించాడు. మర్నాటి నుంచి బెల్లం నానబెట్టి చల్లాం. దాన్ని తినే బ్యాక్టీరియా కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, పీహెచ్ మెల్లగా దిగుతుంది. ఆ పంటలో లాభం చూడలేదు, పెట్టుబడి మాత్రం వెనక్కొచ్చింది.

మీది 7.8, 8.8 అంటున్నారు కాబట్టి ఇప్పుడే సున్నం జోలికి వెళ్లకండి. ముందు నీటి రంగు చూడండి, మరీ చిక్కటి పచ్చగా ఉంటే పాచి ఎక్కువైనట్టే, మేత తగ్గించండి. రోజుకు రెండుసార్లు, పొద్దున ఆరింటికీ మధ్యాహ్నం మూడింటికీ, అదే చోట కొలిచి రాసుకోండి. వనామీ రకం రొయ్యకి పీహెచ్ 7.5 నుంచి 8.5 మధ్య ఉండి, రెండు పూటలకీ తేడా 0.5 దాటకపోతే మంచిది. వారం రోజుల రీడింగులు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.