వీ-2 నేలను గుద్దుకున్నాక రీడింగులు ఎలా దక్కాయి?

ప్రశ్న: యుద్ధం తరవాత అమెరికావాళ్లు జర్మన్ వీ-2 రాకెట్లలో గైగర్ కౌంటర్లు (కణాలను లెక్కపెట్టే పరికరాలు) పెట్టి, అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలను కొలిచారట. రాకెట్ కూలిపోతే లెక్కలు ఎలా దొరికాయి? బెలూన్లు చాలవా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: బెలూన్లు చాలవు. విశ్వకిరణాలు గాలి అణువులను ఢీకొని ద్వితీయ కణాలను పుట్టిస్తాయి. సుమారు 20 కిలోమీటర్ల ఎత్తున వీటి జోరు గరిష్ఠం. అసలు కిరణాలను లెక్కించాలంటే 50 కిలోమీటర్లు దాటాలి. అక్కడ కౌంటర్ లెక్క దాదాపు నిలకడగా ఉంటుంది.

1946లో న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్‌లో ప్రయోగాలు మొదలైనప్పుడు అసలు తలనొప్పి రాకెట్ ఆకారమే. కోసుగా ఉన్న ముక్కుతో ధ్వనిని మించిన వేగంతో దిగి నేలలో పెద్ద గొయ్యి చేసేది, పరికరాలు పిండి. అందుకని దిగేటప్పుడు, గాలి దట్టం కాకముందే, పేలుడు మందుతో ముక్కును మొండెం నుంచి విడగొట్టారు. ఆకారం చెడిన ముక్కలు పల్టీలు కొడుతూ నెమ్మదించేవి. రీడింగులు నమోదైన ఫిల్మును గట్టి ఉక్కు పెట్టెలో ఉంచేవారు. అక్టోబరు 10న సూర్యుడి అతినీలలోహిత వర్ణపటం తీసిన పరికరాన్ని తోక రెక్కలో అమర్చారు. కౌంటర్ల లెక్కలైతే ఎగురుతుండగానే రేడియోలో కిందికి వచ్చేవి, శకలాల కోసం ఎదురుచూసే పని లేదు.

ఇంకో చిక్కు, చాలామంది పట్టించుకోనిది: రాకెట్ లోహమే ద్వితీయ కణాలకు పుట్టిల్లు. ముక్కులో దాదాపు టన్ను బరువు ఉండాలి, లేకుంటే రాకెట్ స్థిమితంగా ఎగరదు. పరికరాలు తక్కువైతే సీసం దిమ్మెలు పెట్టేవారు. కౌంటర్‌కు అంత దగ్గర్లో సీసం ఉంటే దొంగ లెక్కలే. చిన్నదైన ఏరోబీ రాకెట్ కోసం అమెరికా భౌతికశాస్త్రవేత్త జేమ్స్ వాన్ అలెన్ పట్టుబట్టడంలో ఆశ్చర్యం లేదు.