ఫ్రాన్స్ మిలిటరీ ఉపగ్రహాల్లో మా వాడికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది ఖమ్మం. అబ్బాయి ఈసీఈ మూడో సంవత్సరం. ఫ్రాన్స్‌లో ఎంఎస్ చేస్తే అక్కడి మిలిటరీ ఉపగ్రహాల ప్రాజెక్టుల్లో ఉద్యోగం వస్తుందని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. పొలం మీద లోన్ తీసుకుందామనుకుంటున్నాం. ఫ్రాన్స్ మేలా, ఇక్కడే ఎంటెక్ మేలా?

జవాబు: ముందు ఆ లోన్ కాగితాల మీద సంతకం ఆపండి.

వాళ్లు చెప్పిన ఉపగ్రహాలు నిజమైనవే. 1995లో ఎగిరిన ఫ్రాన్స్ నిఘా ఉపగ్రహం హీలియోస్-1ఎ కోసం ఫ్రాన్స్‌తో ఇటలీ, స్పెయిన్ చేతులు కలిపాయి. జర్మనీ తన ఐదు సార్-లూపె రాడార్ ఉపగ్రహాలను 2006-08 మధ్య పంపింది, మబ్బులున్నా చీకటైనా అవి చూడగలవు కాబట్టి ఆ బొమ్మలు ఫ్రాన్స్‌కు, ఫ్రాన్స్ కెమెరా ఫోటోలు జర్మనీకి అందేలా ఒప్పందం చేసుకున్నారు. తర్వాత ఫ్రాన్స్ పంపిన సీఎస్‌ఓ అనే నిఘా ఉపగ్రహాలు మూడు. మూడోదానికి జర్మనీ డబ్బు పెట్టింది, అది 2025 మార్చిలో ఏరియాన్-6 రాకెట్ మీద వెళ్లింది.

కానీ ఇంత సాన్నిహిత్యం ఉన్న దేశాలే ఎవరికెంత చూపించాలో ముందే రాసుకుని మరీ పనిచేస్తాయి. అలాంటి చోటికి స్టూడెంట్ వీసా మీద వెళ్లిన మన పిల్లాణ్ణి రానిస్తారా? రక్షణ పనుల్లో సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే రహస్యాలు చూడటానికి ప్రభుత్వ అనుమతి, కావాలి, దానికి మామూలుగా పౌరసత్వం అడ్డొస్తుంది. మాడ్రిడ్ దగ్గర టొర్రెహోన్‌లోని ఈయూ ఉపగ్రహ కేంద్రం సిబ్బందిగా సభ్యదేశాల పౌరులనే తీసుకుంటుంది. ఫ్రాన్స్‌లో కొన్ని ల్యాబులైతే ఇంటర్న్‌షిప్‌కు కూడా ముందస్తు అనుమతి అడుగుతాయి. అక్కడి తులూజ్ నగరంలో సివిల్ ఉపగ్రహాల పని ఉంది, అందులో విదేశీయులకూ చోటుంది, అది వేరే సంగతి. మీకు చెప్పిన మాట అది కాదు కదా! ‘స్పేస్’ అనగానే ఈ మధ్య అందరూ ఊగిపోతున్నారు, ఆ ఊపులో ఊళ్లో పొలాలు తాకట్టుకు పోతున్నాయి, నాకు బాధగా ఉంది.

ఇంకోటి, కోపం తెచ్చుకోకండి. ఇంత రాసిన మీరు అబ్బాయికి ఏమిష్టమో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు? పక్కింటి పిల్లలు విమానం ఎక్కేశారు, మనవాడు వెనకబడిపోతాడేమో అన్నదే మీ టెన్షన్ అని నాకర్థమైంది. మూడో సంవత్సరంలో ఎవరూ వెనకబడిపోరండీ.

ఆ ఉపగ్రహాల వెనకున్న విద్య మాత్రం ఎవరి సొత్తూ కాదు. యూరప్ వాళ్ల సెంటినెల్-1 ఉపగ్రహాల రాడార్ బొమ్మలు ఉచితం, వాటిని చూసే స్నాప్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. 2024 సెప్టెంబరులో మున్నేరు మీ ఊరిని ముంచెత్తింది కదా, దానికి ముందువీ ఆ తర్వాతవీ బొమ్మలు దించుకోమనండి. నిలకడగా ఉన్న నీళ్ల మీద పడిన రాడార్ తరంగం పక్కకు జారిపోతుంది, వెనక్కి రాదు, అందుకే అక్కడ నల్లగా కనిపిస్తుంది. ఆ నలుపు ఎక్కడి నుంచి ఎక్కడికి పాకిందో వాడే గుర్తించాలి. అది చేతికొస్తే హైదరాబాద్ బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాలు చూసే ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీలో ప్రాజెక్టు కోసం అడగొచ్చు, హైదరాబాద్ స్పేస్ కంపెనీలకూ చూపించొచ్చు. గేట్ సంగతి మీకు తెలిసిందే. ఎంటెక్కే మేలని నా అభిప్రాయం, అదీ వాడికి ఇష్టమైతేనే. యూరప్ ఎక్కడికీ పోదు, రెండేళ్ల తర్వాత స్కాలర్‌షిప్‌తోనూ వెళ్లొచ్చు.

నెల తర్వాత నాకు మీరు కాదు, అబ్బాయే రాయాలి. ఆ బొమ్మల ముందు కూర్చుంటే విసుగొచ్చిందా, తిండి కూడా మర్చిపోయాడా, ఉన్నదున్నట్టు చెప్పమనండి.